మెయిన్ ఆపిన తర్వాత

మెయిన్ స్విచ్ కిందికి లాగేశాక కూడా మీటరులో అంకె చావలేదు. పంపు ఆగిపోయింది. ఫిల్టరు గదిలో పగలంతా సాగే రొద చటుక్కున తెగిపోయింది. బట్టలు మార్చుకునే గదుల ముందున్న లైట్లు, గేటు పక్కన మేనేజరు గదిలో ఫ్యాను, నీళ్ళ అడుగున గుండ్రంగా వెలిగే దీపాలు, అన్నీ ఒక్క దెబ్బతో పోయాయి. ఈత కొలను ఒడ్డున మోకాళ్ళ మీద కూర్చుని, మీటరు ఎర్ర తీగ మొనను ఇనుప నిచ్చెన కమ్మీకీ నల్ల తీగ మొనను తడి గచ్చుకీ అదిమిపట్టి, పిచ్చుక ఆ చిన్న తెర వంకే చూస్తోంది. సున్నా రావాలి. కరెంటే లేని చోట కరెంటు ఎక్కడినుంచి వస్తుంది, పొయ్యి ఆర్పేశాక పాలు పొంగుతాయా? అయినా అంకె నాలుగు వోల్టుల దగ్గర ఊగింది, మూడుకు జారింది, మళ్ళీ నాలుగుకు పాకింది, నిద్రపోతున్న మనిషి ఛాతీ మీద దుప్పటి లేచి పడుతున్నట్టు. మొనలు సరిగా ఆనలేదేమో అనుకుని తీసి, చొక్కా అంచుతో తుడిచి, మళ్ళీ పెట్టింది. మీటర్లు ఒక్కోసారి గాలిలోంచి దొంగ అంకెలు పట్టుకుంటాయి. అలాంటివాటి కోసమని సంచిలో ఉంచుకునే చిన్న రెసిస్టరును మొనల మధ్య కట్టి చూసింది. ఉత్తుత్తి అంకె అయితే ఆపాటి బరువుకే తల వేలాడెయ్యాలి. వేలాడెయ్యలేదు. అక్కడ నిజంగానే ఏదో ఉంది.

"ఇంకా ఉంది కదూ" అంది వెనకనుంచి అక్క.

అది అడగడం కాదు. అక్క ప్లాస్టిక్ కుర్చీలో కాళ్ళు పైకి ముడుచుకుని, పాదాలు గచ్చుకు తగలకుండా కూర్చుంది. వరద నీళ్ళు ఇంట్లోకి వచ్చినప్పుడు పిల్లలు మంచాలెక్కి అలా కూర్చుంటారు. పిచ్చుక వెనక్కి తిరగలేదు. తిరిగితే ముఖంలో ఏముందో అక్క చదివేస్తుంది, చిన్నప్పట్నుంచీ అంతే. ఈ పేరు పెట్టిందీ ఆమే. పుల్లల్లాంటి కాళ్ళతో ఎగిరెగిరి నడిచేదని ముద్దుగా పెట్టిన పేరు, పనివాళ్ళంతా 'మేడమ్' అని పిలిచే ఈ వయసులో కూడా ఇంట్లోవాళ్ళు వదల్లేదు. ఆ పేరు పట్టుకునే వీధి పిల్లలు కూత కట్టారు, పిచ్చుకా పిచ్చక్కా అని. అక్కకు జబ్బు చేసిన తర్వాత కట్టిన కూత అది. ఇద్దరూ పక్కపక్కన నడుస్తుంటే వెనకనుంచి వినిపించేది. అక్క నవ్వేసేది, పిచ్చుక రాయి తీసుకునేది.

అసలు నిజం చెప్పాలంటే ఈ సాయంత్రం ఆమె మీటరు తెచ్చింది ఏదో ఉందని వెతకడానికి కాదు, ఏమీ లేదని చూపించడానికి. బావ ఫోన్ చేసి గొంతు తగ్గించి మాట్లాడాడు, పక్క గదిలో అక్క ఉన్నప్పుడు మాట్లాడే గొంతుతో. "మళ్ళీ మొదలైంది. ఈత నేర్పే చోట నీళ్ళు కొరుకుతున్నాయంటోంది. మాత్రలు మానేసిందేమోనని నా అనుమానం. రేపు పొద్దున్నే ఆసుపత్రికి తీసుకెళ్తున్నాను, చెప్పి ఉంచాను వాళ్ళకి. నువ్వొచ్చి నీ మిషనేదో పెట్టి ఏం లేదని చెప్తే, నీ మాట వింటుంది, గొడవ పడకుండా కారెక్కుతుంది." బావ చెడ్డవాడేం కాదు. మొదటిసారి అక్క ఆసుపత్రిలో ఉన్నప్పుడు అప్పటికింకా మొగుడు కాదు, స్నేహితుడే, రోజూ వచ్చి మంచం పక్కన మాట్లాడకుండా కూర్చుని వెళ్ళేవాడు. భయపడ్డ మంచివాడు. సరే బావా అంది పిచ్చుక. మీటరును సంచిలో పెట్టుకుంటుంటే అది మత్తుమందు సూదిలా అనిపించి, ఆ ఆలోచన నచ్చక, పైన గుడ్డ కప్పింది.

వచ్చీ రాగానే నిచ్చెనను తనే పట్టుకుని చూసింది. ఏమీ లేదు, చల్లటి ఇనుము. ఏమీ లేదక్కా అనబోయింది, ఆ మాట నాలుక చివరదాకా వచ్చింది కూడా. అప్పుడు అక్క ఆమె కాళ్ళ వంక చూసి, "ఆ బూట్లతో పట్టుకుంటే ఎలా తెలుస్తుందే? ఎవరైనా బూట్లతో ఈత కొడతారా?" అంది. ఎంత తేలికైన మాట. పిచ్చుక చెవులు వేడెక్కాయి. మందపాటి రబ్బరు అడుగు బూట్లు, ఆమె వృత్తిలో ప్రాణం కాపాడే బూట్లు, వాటితో నిలబడి ఏమీ లేదని తీర్పు చెప్పబోయింది. మేనేజరూ బూట్లతోనే చూశాడట. బావా చెప్పులతోనే చూశాడట. నీళ్ళ గురించి అక్క చెప్పింది అబద్ధమని తేల్చినవాళ్ళలో ఒక్కరి పాదం కూడా తడవలేదు. పిచ్చుక ముందు మీటరు పెట్టి, ప్రాణం తీసేంత లేదని చూసుకుని, బూట్లు, మేజోళ్ళు విప్పి, తడి గచ్చు మీద నిలబడి కమ్మీని వేళ్ళతో ముట్టుకుంది. సన్నగా, చీమలబారు ఎముక లోపలినుంచి పాకినట్టు, చిమచిమ. చెయ్యి దానంతటదే వెనక్కి వచ్చేసింది. కొరకడం కాదది. పళ్ళు రాని నోరు ఒకటి వేలు చప్పరించి వదిలినట్టుంది.

"మేడమ్, మొత్తం ఆపేశారా ఏంటి? గేటు దగ్గర కూడా పోయింది" అంటూ మేనేజరు ఫోను లైటు వేసుకుని వచ్చాడు. మనిషి భారీగా ఉంటాడు, నడిస్తే తాళంచెవులు మోగుతాయి. "పొద్దున్నే పిల్లల క్లాసు ఉందండీ. కొత్త కోచ్ వస్తాడు. మీ అక్కగారికి మేం ఏమీ అనలేదు, రెస్టు తీసుకోమన్నాం, అంతే."

"బూట్లు విప్పండి" అంది పిచ్చుక.

"నేనా? ఎందుకండీ?"

"విప్పి ఆ తడి మీద నిలబడి కమ్మీ పట్టుకోండి. ఏమీ లేదన్నారుగా."

అతను నవ్వుతూనే విప్పాడు, ఒంటికాలి మీద గెంతుతూ మేజోడు లాగాడు, నవ్వుతూనే చెయ్యి చాపాడు. "ఓరి నాయనో" అని గచ్చు మీద చతికిలబడ్డాడు. ఆ కేక కొలను అవతలి గోడకు తగిలి తిరిగొచ్చింది. తర్వాత కాసేపు అతను ఆరిపోయిన లైట్ల వంకా, చీకటి పడుతున్న నీళ్ళ వంకా, తన అరచేతి వంకా చూసుకుని, చాలా చిన్న గొంతుతో, "కరెంటు లేదుగా మేడమ్" అన్నాడు. బూట్లు చేత్తో పట్టుకునే గేటు వైపు వెళ్ళిపోయాడు. ఆ తర్వాత అతని తాళంచెవుల చప్పుడు మళ్ళీ ఇటు రాలేదు.

కరెంటు లేదు. ఉంది. పిచ్చుక మీటరు ముందు కూలబడి అంకె వంక చూస్తోంది. ఆ అంకెలోంచి ఒక ఫ్యాను తిరగడం మొదలుపెట్టింది, పాత ఇంట్లో అక్కచెల్లెళ్ళ గదిలో పైకప్పుకు వేలాడిన ఫ్యాను, ఒక రెక్కకు సొట్ట. మధ్యాహ్నాలు ఇద్దరూ నేల మీద వెల్లకిలా పడుకునేవాళ్ళు. అక్క అప్పుడు కాలేజీకి వెళ్ళడం మానేసింది, తల దువ్వుకోవడం మానేసింది, చూపు మాత్రం ఆ రెక్కల మీదే. విన్నావా, నన్ను తిడుతోంది, అనేది. ఎవరక్కా? అదే. పేరుపెట్టి తిడుతోంది, విను. పిచ్చుక ఊపిరి బిగబట్టి వినేది. కిర్రు, కిర్రు, కిర్రు. అంతే. కానీ ఒక మధ్యాహ్నం, ఎండకు ఇల్లంతా మగతగా ఉన్న వేళ, ఆ కిర్రుల మధ్యనుంచి ఎవరో పిచ్చుకా అన్నారు. స్పష్టంగా, ఓపికగా, ఎప్పట్నుంచో పిలుస్తున్నా పలకని పిల్లను పిలిచినట్టు. లేచి పరుగెత్తింది. ఎవరికీ చెప్పలేదు. చెబితే తననీ తీసుకెళ్తారు. అక్కను ఆసుపత్రికి తీసుకెళ్ళిన రోజు, ఇంట్లో ఎవరూ లేనప్పుడు, స్టూలు మీద స్టూలు వేసుకుని ఎక్కి ఆ ఫ్యానును దింపి ముక్కలు ముక్కలుగా విప్పింది. లోపల రాగి తీగ చుట్టలు చుట్టలుగా ఉంది. దుమ్ము ఉంది. ఎండిపోయిన పురుగు ఒకటి ఉంది. గొంతు లేదు. తీగను చివరిదాకా లాగి చూసింది, గది నిండా రాగి పరుచుకుంది, ఎక్కడా లేదు. ఈ పనిలోకి ఎలా వచ్చావని ఎవరైనా అడిగితే లెక్కలు బాగా వచ్చేవని చెబుతుంది.

ఆసుపత్రినుంచి వచ్చాక అక్కను ఈతకు పంపమన్నది అక్కడి డాక్టరే. నీళ్ళలో తల ముంచితే అన్నీ ఊరుకుంటాయి అని చెప్పింది అక్క మొదటి వారంలోనే. మాత్రలూ నీళ్ళూ కలిసి ఆమెను నిలబెట్టాయి. నేర్చుకుంది, నేర్పింది, భయపడే పిల్లల వీపు కింద ఒక్క అరచెయ్యి పెట్టి నీళ్ళ మీద తేలించేది. ఇంకెక్కడా దొరకని నిశ్శబ్దం ఆమెకు ఇక్కడే దొరికింది. మరి ఆ నీళ్ళే ఒక రోజు నోరు తెరిస్తే? పిచ్చుకకు ఇప్పుడు తడుతోంది ఆ సంగతి, చేతి వేళ్ళలో చిమచిమ ఇంకా పూర్తిగా పోకుండానే. జబ్బు తిరగబెట్టిందేమోనని అందరికంటే ముందు భయపడింది అక్కే. ముందు ఎవరికీ చెప్పలేదట. పిల్లలకు ముందుగా ఏమీ సూచించకుండా, నీళ్ళు ఎలా ఉన్నాయర్రా ఇవాళ అని మాత్రం అడిగిందట. జడల పిల్ల ఒకతి, నిచ్చెన గిలిగింతలు పెడుతోంది టీచర్ అందట. అది పట్టుకుని మేనేజరు దగ్గరికి వెళితే, పిల్లల బుర్రల్లోకి మీరే ఎక్కిస్తున్నారన్నాడట.

వెలుతురు దిగిపోతోంది. క్లోరిన్ వాసన చీకట్లో చిక్కబడింది. పంపు లేక నీళ్ళు కదలడం మానేసి, కొలను మూత పెట్టినట్టు నల్లగా నిలిచింది. ప్రహరీ అవతల వీధిలో మేడలు వరసగా ఉన్నాయి. పనులనుంచి వచ్చినవాళ్ళు ఒక్కొక్కరే లైట్లు వేసుకుంటున్నారు. ఒక కిటికీ వెలిగింది. మీటరులో అంకె కదిలింది. ఇంకో కిటికీ. అంకె ఇంకాస్త ఎక్కింది. మూడో అంతస్తులో ఎవరో వంటగదిలోకి వచ్చారు, తెల్లటి లైటు వెలిగింది, అంకె ఐదు దాటింది. ఆ మనిషి ఎవరో ఏమిటో, గ్లాసు కడుక్కుంటున్నాడో, పిల్లకు పాలు కాస్తోందో, ఇక్కడ ఈ చచ్చిన నీళ్ళలో ఆ చెయ్యి తెలుస్తోంది. వీధి మొత్తం ఇళ్ళకు చేరి, బట్టలు మార్చుకుని, స్విచ్చులు నొక్కుతుంటే, గోడ ఇవతల నల్లటి నీళ్ళు వాళ్ళందర్నీ ఒక్కొక్కరినీ లెక్కపెట్టుకుంటున్నాయి. "పెరిగింది" అంది అక్క. ఎప్పుడు దిగిందో కుర్చీలోంచి, నిచ్చెన పక్కన కూర్చుని చూపుడువేలు కొన నీళ్ళకు ఆనించింది. పిచ్చుక అంకె చూసింది. పెరిగింది. "ఇప్పుడు తగ్గింది." తగ్గింది. "ఎవరో మోటారు వేశారు, చూడు." ఏడు. "చెయ్యి తీసెయ్యక్కా" అని అరిచింది పిచ్చుక. అంత గట్టిగా అరవనక్కర్లేదు. అక్క వేలు తీసి గౌనుకు తుడుచుకుంది.

అరిచిన అరుపుకే బుర్ర తేటపడింది. భయం ఒక పక్కన కూర్చునే ఉంది, కానీ చేతులకు పని గుర్తొచ్చింది. ప్రహరీ మీదుగా మళ్ళీ చూసింది, ఈసారి కిటికీలను కాదు, వాటి వెలుగును. ఒక ఇంట్లో మోటారు వేయగానే దాని లైటు డస్సి ఎర్రబడుతోంది, అదే క్షణంలో పక్కింటి లైటు తెల్లగా పెళుసుగా మండుతోంది. తూగుబల్ల లాగ ఒకటి దిగితే ఒకటి లేస్తోంది. న్యూట్రల్. ఇంట్లోకి వచ్చిన కరెంటు తన పని చేసుకుని తిరిగి వెళ్ళడానికి ఉన్న దారి. ఆ వీధిలో, ఏదో స్తంభం మీద, ఆ తీగ అతుకు వదులైపోయింది. వెళ్ళేదారి ఇరుకైతే కరెంటు ఆగి ఆలోచించదు, దొరికిన సందల్లా దూరుతుంది. ఇక్కడికి వచ్చేదీ ఆ తీగే, ఇక్కడి బోర్డులో న్యూట్రల్‌నూ ఎర్తింగ్‌నూ కలిపే పట్టీ ఉంది, ఆ ఎర్తింగ్ తీగ నిచ్చెనకూ దీపాల గిన్నెలకూ అతికించి ఉంది, దీపాలు నీళ్ళలో ఉన్నాయి. కొలను కట్టినవాళ్ళు ఒడ్డు గచ్చులోని ఇనుప ఊచల్ని మాత్రం వీటితో కలపలేదు. అన్నిటినీ కలిపి కట్టి ఉంటే నీళ్ళూ నిచ్చెనా నేలా ఒక్కటిగానే లేచి ఒక్కటిగానే దిగేవి, మనిషికి ఏమీ తెలిసేది కాదు. కలపలేదు గనక, తడి కాలికీ తడి చేతికీ మధ్య ఆ తేడా అంతా మనిషిలోంచి నడుస్తోంది. మెయిన్ ఆపితే లోపలికి వచ్చే దారి మూతపడుతుంది. ఈ తిరుగుదారి మూతపడదు.

మరి ఆ అతుకు పూర్తిగా ఊడితే? పిచ్చుక ఆ ఆలోచనను చివరిదాకా పోనివ్వలేదు. గ్లవ్స్ వేసుకుంది, బూట్లు తొడుక్కుంది, నోటితో టార్చి పట్టుకుని బోర్డు ముందు రబ్బరు చాప మీద నిలబడింది. అంతా చచ్చిపోయి ఉన్న బోర్డు. ఒక్క దీపం లేదు, చిన్న రొద లేదు. న్యూట్రల్, ఎర్తింగ్ కలిసే పట్టీ మరలు వదులు చేసి, రబ్బరు పిడి ఉన్న పటకారుతో దాన్ని పక్కకు లాగింది. చిట్ మని నీలం నిప్పు ఎగిరింది. ఆరిపోయిన బోర్డులో, ఎవరో చీకట్లో ఒక్కసారి కన్ను తెరిచి మూసినట్టు. చెవుల్లో తన రక్తమే కిర్రు కిర్రుమని తిరుగుతోంది. ఇప్పుడు గనక పేరుపెట్టి పిలిస్తే, అనుకుంది, పలికేస్తాను.

"పోయింది!" అని కేకేసింది అక్క కొలను దగ్గరనుంచి. "పోయిందే, మొత్తం పోయింది!"

పిచ్చుక పరుగున వచ్చి మొనలు పెట్టింది. సున్నా. నిచ్చెనకూ గచ్చుకూ సున్నా, నీళ్ళకూ గచ్చుకూ సున్నా, అటు చివర రెండో నిచ్చెన దగ్గర సున్నా. ప్రహరీ అవతల ఇంకా కిటికీలు వెలుగుతూనే ఉన్నాయి, అంకె మాత్రం లేవడం లేదు. గచ్చు మీద కూలబడి, బూట్లు మళ్ళీ విప్పేసి, "అక్కా" అంది.

అక్క ఆమె పక్కన కూర్చుంది. ఇద్దరి కాళ్ళూ కొలను అంచునుంచి వేలాడుతున్నాయి, నీళ్ళకు తగిలీ తగలకుండా. "నాకు తేడా తెలుసే" అంది అక్క, ఎవరి మీదా నిష్ఠూరం లేకుండా. "ఇన్నేళ్ళ కాపురం దాంతో, నాకు తెలీకుండా ఉంటుందా? జబ్బయితే ఎప్పుడూ నా గురించే మాట్లాడుతుంది. నువ్వు పనికిరావు, నిన్ను చూసి అందరూ నవ్వుతున్నారు, అంటుంది. ఇది నా గురించి ఒక్క మాట అనలేదు. ఊరికే కొరికింది, అంతే. ఎవరు ముట్టుకున్నా కొరుకుతుంది. అందుకే ఇది బయటిదని తెలిసింది. బావకి చెప్పబోతే మాత్రలు వేసుకున్నావా అన్నాడు. వేసుకున్నాననే చెప్పాను. మళ్ళీ అడిగాడు."

పిచ్చుక ఫోను తీసి విద్యుత్ ఆఫీసుకు చేసింది. అవతలి గొంతు ఆవులించి రేపు చూద్దామంది. "రేపటిదాకా ఆగదండీ అది" అంది పిచ్చుక. "న్యూట్రల్ ఊడితే వీధి మొత్తం కాలిపోతుంది. లైట్లు ఎలా ఊగుతున్నాయో మీరే వచ్చి చూడండి." ఆవులింత ఆగింది. మనిషిని పంపుతున్నామన్నారు. ఆమె ఫోను పెట్టేసరికి నీళ్ళలో చిన్న చప్పుడైంది. పక్కన అక్క లేదు. గౌను గచ్చు మీద కుప్పగా ఉంది, ఈత దుస్తులు లోపల వేసుకునే వచ్చిందన్నమాట. అలలు వచ్చి పిచ్చుక మడమలను తడిపాయి. ఆగు అనడానికి నోరు తెరిచింది. ఒక చేత్తో మొనను నీళ్ళలోకి, ఇంకో చేత్తో గచ్చుకు. సున్నా. నోరు మూసుకుంది. చీకట్లో అక్క కనబడటం లేదు, ఆమె చేతులు నీళ్ళను పక్కకు తోస్తున్న మెత్తటి చప్పుడు మాత్రం దూరమవుతోంది.

ఒళ్ళో ఫోను మోగింది. బావ.

"చూశావా? ఏమంది? వస్తానందా రేపు?"

"ఉంది బావా" అంది పిచ్చుక.

"ఏంటి ఉంది?"

"అక్క చెప్పిందే. నీళ్ళలో కరెంటుంది. నా చేతికి తగిలింది, మేనేజరుకీ తగిలింది. రేపు ఆసుపత్రికి రావట్లేదని ఫోన్ చేసి చెప్పెయ్యి."

"నేనూ చెయ్యి పెట్టి చూశాను కదా" అన్నాడు బావ, ఎవరో తిట్టినట్టు.

"చెప్పులేసుకుని చూశావు."

ఆ మాటకు అతను ఏమన్నాడో ఆమెకు వినబడలేదు. వీధి మొత్తం ఒక్కసారి తెల్లబడింది. కొన్ని కిటికీలు డస్సిపోయి, మిగతావన్నీ కళ్ళు చిట్లించేంత వెలుగుతో భగ్గుమన్నాయి, ఆ వెలుగులో కొలను అంతా, గోడ మీది పగుళ్ళతో సహా, మధ్యాహ్నంలా కనబడింది. నడుమన అక్క తల, తడి జుట్టు, తెరుచుకున్న కళ్ళు. పట్ పట్ మని బల్బులు పేలాయి. ఎవరింట్లోనో ఆడగొంతు కెవ్వుమంది, ఎక్కడో ఏదో కాలుతున్న వాసన, కుక్కలు. తర్వాత ఆ చివరనుంచి ఈ చివరదాకా చీకటి వచ్చి పడింది. స్తంభం మీద అతుకు ఊడిపోయింది.

అక్క కొలను మధ్యలో నిలిచిపోయింది. నీళ్ళ చప్పుడు లేదు. పిచ్చుక పాదాలు అదే నీళ్ళలో ఉన్నాయి, కానీ అవి భయంతో ఎప్పుడో మొద్దుబారాయి, వాటి సాక్ష్యం చెల్లదు. మీటరు ఒళ్ళోనే ఉంది, మొనలు ఆనించి తల దించితే చాలు, తెర వెలుగుతూనే ఉంది. ఆమె తల దించలేదు. అక్క ఉన్నదనుకున్న చీకటి వైపే చూస్తూ, "అక్కా, ఏమైనా తెలుస్తోందా?" అని అడిగింది.

ఒళ్ళంతటితోనూ వింటున్న మనిషి తీసుకునేంతసేపు తీసుకుంది అక్క.

"లేదే. ఏమీ లేదు" అంది. తర్వాత మళ్ళీ చేతులు చాపిన చప్పుడు, ఈసారి ఇటువైపు.